ఆరుగురి బెంచీ

కుప్పం
5 నవంబర్ 2025, బుధవారం

జాహెదా ఫుప్పుకు,

అస్సలాము అలైకుమ్. నేను బాగున్నాను. దగ్గు తగ్గింది. నువ్వు పంపిన చెనక్కాయ ఉంటలు మూడు రోజులు వచ్చాయి. అందులో రెండు వార్డెన్ మేడమ్‌కు ఇచ్చాను. అందుకే చదువుకునే గంటలో ఉత్తరం రాస్తున్నా ఏమీ అనలేదు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అడుగుతావు. హాస్టల్లో ఫోన్లు ఆదివారం ఒక గంటే ఇస్తారు. అందులో అరగంట అమ్మీతో, అరగంట అబ్బాతో వాదనతో అయిపోతుంది. నీతో మాట్లాడాల్సింది అరగంటలో అయ్యేది కాదు. మీ ఆఫీసు బస్సు రోజూ మా కాలేజీ గేటు ముందే ఆగుతుంది కాబట్టి కండక్టర్ అంజినప్ప చేతికి ఈ కవరు ఇస్తున్నాను.

విషయం ఇది. మా బాస్కెట్‌బాల్ జట్టులో పన్నెండు మందిమి. కోర్టులో ఒకసారికి ఐదుగురే. మ్యాచ్ నలభై నిమిషాలు. నాకు వచ్చేది ఎనిమిది. పీడీ మునిశేఖర్ సార్ ప్రతి మ్యాచ్ తర్వాత ఎవరెన్ని పాయింట్లు వేశారో నోటీసుబోర్డు మీద రాస్తాడు. పైనున్న ఐదుగురు తర్వాతి మ్యాచ్ మొదలుపెడతారు. సింధూజ ముప్పై రెండు నిమిషాలు ఆడి పదహారు వేస్తుంది. నేను ఎనిమిది నిమిషాలు ఆడి నాలుగు వేస్తాను. బోర్డు మీద పదహారు కనిపిస్తుంది, నాలుగు కనిపిస్తుంది. నిమిషాలు కనిపించవు. సార్‌ను అడిగితే, "మాటలొద్దమ్మా, లెక్క సూపించు" అన్నాడు.

అబ్బా సంగతి నీకు తెలుసు, నీ తమ్ముడే కదా. మొన్న ఆదివారం ఏమన్నాడో రాస్తాను: "బెంచీ మీద కూసునేదానికి కుప్పం దాకా యాల పోవాల? మన అంగట్లో బెంచీలు లేవా?" ఫర్నిచర్ చేసేవాడి కూతురిగా పుడితే ఇలాంటివి పడాలి. డిసెంబర్‌లో పుంగనూరులో కాలేజీల టోర్నమెంటు ఉంది. అందులో కూడా కూర్చునే ఉంటే టీసీ తీసుకుని జనవరి నుంచి మదనపల్లెలోనే చదవమన్నాడు. ఈ మాట నవ్వుతూ అనలేదు.

నువ్వు బస్సుల లెక్కలు చూస్తావు. మనుషుల లెక్క చూడలేవా?

నీ ఎనిమిది నిమిషాల
ఫిజా


మదనపల్లె
7 నవంబర్ 2025

ఫిజా బేటీ,

వాలైకుమ్ సలామ్. కవరు చేరింది. అంజినప్ప ఇస్తూ, "పాప శానా సిక్కిపోయింది మేడమ్" అన్నాడు. నీ బరువెంతో రాయి. అతని మాట మీద మీ అమ్మీకి ఏమీ చెప్పను.

ముందే చెబుతున్నాను, నేను బాస్కెట్‌బాల్ ఒక్కసారి కూడా చూడలేదు. నాకు తెలిసింది ట్రిప్పుకు ఎంతమంది ఎక్కారో రాసే ట్రిప్పుషీటు. కండక్టర్లు తెచ్చిన షీట్లను చూసి ఏ బస్సు ఉండాలో, ఏ బస్సు ఆపాలో మేనేజర్‌కు రాసి పెట్టడం ఇరవై ఆరేళ్లుగా నా పని. ఆ పద్ధతిలో నీకు చెప్పగలిగింది చెబుతాను.

మా దగ్గర ఒక బస్సు రోజుకు నాలుగు వందల కిలోమీటర్లు తిరుగుతుంది. ఇంకొకటి అరవై. ఎవరు ఎక్కువ మందిని ఎక్కించారని చూస్తే ఎక్కువ తిరిగే బస్సే ఎప్పుడూ గెలుస్తుంది. అందుకని కిలోమీటరుకు ఎంతమంది అని భాగిస్తాం. మీకు కిలోమీటరు బదులు నిమిషం. పాయింట్లను నిమిషాలతో భాగించు. సార్ అడిగిన లెక్క అక్కడ మొదలవుతుంది.

ఇక నుంచి ప్రతి మ్యాచ్‌లో ఎవరు ఏ నిమిషానికి లోపలికి పోయారు, ఏ నిమిషానికి బయటికి వచ్చారు, అప్పుడు రెండు జట్ల స్కోరు ఎంత, ఇవన్నీ అక్కడికక్కడ రాయండి. రూముకు వచ్చాక గుర్తు తెచ్చుకుని రాయకూడదు. మన జ్ఞాపకం మనకు నచ్చినట్టు రాస్తుంది. నాలుగు మ్యాచ్‌లవి పంపు.

ఇక్కడ తాహిర్ నాకొక టీపాయ్ చేసిచ్చాడు. మీ అబ్బా టేపు పెట్టడు కదా, కంటితోనే కొలుస్తాడు. టీపాయ్ ఊగుతోంది. చెబితే, "నీ ఇంటి నేల వంకరగా ఉండాది ఆపా" అన్నాడు. టీ సగం సాసరులోనే తాగుతున్నాను.

దుఆలతో
ఫుప్పు


కుప్పం
24 నవంబర్ 2025

ఫుప్పూ, సలామ్!

నాలుగు మ్యాచ్‌ల కాగితాలు ఇందులో ఉన్నాయి. రెండు గెలిచాం, రెండు ఓడాం. తొమ్మిదితో గెలుపు, ఆరుతో ఓటమి, నాలుగుతో గెలుపు, ఐదుతో ఓటమి. నా బరువు నలభై తొమ్మిది. అంజినప్పకు చెప్పు.

రాసింది ఎక్కువగా రెడ్డెమ్మ. బెంచీ మీద నా పక్కన కూర్చుంటుంది. రామకుప్పం దగ్గర పల్లె. రెండేళ్లలో మూడు బాస్కెట్లు వేసి ఉంటుంది, అందులో ఒకటి పొరపాటున పడిందని తనే చెబుతుంది. సార్ ఆమెను మ్యాచ్‌కు ఐదు నిమిషాలు దింపుతాడు, ఎవరికైనా ఫౌల్స్ ఎక్కువైనప్పుడు. రెడ్డెమ్మ కోర్టులోకి పోయేటప్పుడు వాచీ, పెన్ను నాకిస్తుంది. నేను పోయేటప్పుడు తనకిస్తాను. వాచీ పట్టీ మా ఇద్దరి చెమటకు రంగు వదిలింది.

ఒక చిన్న గొడవ జరిగింది. మా ఫుప్పు లెక్కల్లో పెద్ద ఆఫీసరని, ఆమె తేల్చి రాస్తే ఇక తిరుగులేదని భోజనాల దగ్గర అన్నాను. ఆ మాట సింధూజకు పోయింది. "ఏమే, నీకోసం మీ అత్త మదనపల్లెలో కూసోని నన్ను దింపేస్తా ఉందంట కదా" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది కానీ, ఆ రోజు ప్రాక్టీసులో నాకు ఒక్క పాస్ ఇవ్వలేదు.

కాబట్టి ఫుప్పూ, గట్టిగా రాసి పంపు. సార్ బల్ల మీద పెట్టి నిలబడాలి నేను.

నీ గెలవబోయే మేనకోడలు
ఫిజా


మదనపల్లె
27 నవంబర్ 2025

ఫిజా బేటీ,

లెక్క అయింది. రెండుసార్లు చేశాను. ముందు నువ్వు అడిగింది.

నాలుగు మ్యాచ్‌లు కలిపి నూట అరవై నిమిషాలు. సింధూజ నూట ఇరవై ఎనిమిది నిమిషాలు ఆడి అరవై నాలుగు పాయింట్లు వేసింది. నలభై నిమిషాలకు ఇరవై. నువ్వు ముప్పై రెండు నిమిషాల్లో పదిహేను వేశావు. నలభైకి పందొమ్మిదికి కొంచెం తక్కువ. మీ ఇద్దరికీ తేడా ఒక పాయింటు చిల్లర. నువ్వు చెప్పింది నిజం, బోర్డు నీకు అన్యాయం చేస్తోంది.

ఇక నువ్వు అడగనిది. ఒక్కొక్కరు కోర్టులో ఉన్నంతసేపు మీ జట్టు ఎన్ని వేసింది, ఎదుటివాళ్లు ఎన్ని వేశారు అని కూడా లెక్క వేశాను. నువ్వు ఉన్న ముప్పై రెండు నిమిషాల్లో మీ జట్టు ఎదుటి జట్టు కంటే పన్నెండు తక్కువ వేసింది. రెడ్డెమ్మ ఉన్న ఇరవై నిమిషాల్లో పద్దెనిమిది ఎక్కువ వేసింది. ఆమె సొంతంగా వేసింది మూడే.

ఇదెందుకు లెక్క వేశానంటే, పన్నెండేళ్ల కింద సోమల నుంచి పుంగనూరుకు పొద్దున పోయే బస్సును నేను ఆపించాను. అందులో ఎక్కేవాళ్లు ఇరవై మంది కూడా ఉండరు. ఆపిన నెలకు పుంగనూరు నుంచి మదనపల్లెకు వచ్చే మన బస్సులో జనం పడిపోయారు. పోయి అడిగితే తెలిసింది, సోమల బస్సు దిగినవాళ్లే ఆ బస్సు ఎక్కేవాళ్లు. వాళ్లను తెచ్చింది ఒక బస్సు, షీటులో పేరు వచ్చింది ఇంకో బస్సుకు. సోమల బస్సును మళ్లీ వేయించడానికి నాకు ఏడు నెలలు పట్టింది. అప్పటి నుంచి ఒక బస్సు షీటు చూసేటప్పుడు పక్క బస్సు షీటు కూడా చూస్తాను.

మీ జట్టులో రెడ్డెమ్మ సోమల బస్సు అని నాకు అనిపిస్తోంది. ఇరవై నిమిషాలు చిన్న లెక్క, దాని మీద ఇల్లు కట్టలేం. కానీ కాగితం మీద ఉన్నది ఉందని చెప్పాలి.

మొత్తం పట్టిక జత చేశాను. సార్‌కు చూపిస్తావో లేదో నీ ఇష్టం. చూపిస్తే మొత్తం చూపించు. సగం కోసి చూపించకు.

ఇక్కడ వానలు. టీపాయ్ కింద అట్ట మడిచి పెట్టాను.

ఫుప్పు


కుప్పం
1 డిసెంబర్ 2025

జాహెదా ఫుప్పు గారికి,

మీ ఉత్తరం అందింది. పట్టిక అందింది. ఇంకెవరికీ చూపించలేదు.

నిన్న ఆదివారం అబ్బా ఫోన్లో, "మీ ఫుప్పు లెక్కలో కూడా నీకు తక్కువే వచ్చిందంట కదా, ఇంగ ఏమి ఉండాది ఆడ" అన్నాడు. అంటే మీరు నాకు రాసే ముందే ఆయనకు చెప్పారు. మీరిద్దరూ మాట్లాడుకునే ఈ లెక్క చేశారని ఇప్పుడు అర్థమైంది. నేను మదనపల్లెకు వచ్చేస్తే మీకు చదివిపెట్టడానికి, టీ పెట్టడానికి మనిషి దొరుకుతుంది.

నేను అడిగింది నా లెక్క. రెడ్డెమ్మ లెక్క అడగలేదు. మీరు ఎవరి ఫుప్పు?

ఫిజా


మదనపల్లె
3 డిసెంబర్ 2025

ఫిజా బేటీ,

పుట్టి ఇరవై ఏళ్లలో నన్ను మొదటిసారి 'గారు' అన్నావు, 'మీరు' అన్నావు. ఫైలు చేసి పెట్టుకున్నాను.

వరసగా జవాబు రాస్తాను. మీ అబ్బాకు నేను ఒక్క ముక్క చెప్పలేదు. నిన్న పొద్దున అంజినప్పను కూర్చోబెట్టి అడిగాను. ఇరవై ఏడో తేదీ కవరుకు గోందు వేయలేదు, తప్పు నాది. పలమనేరులో బస్సు ఇరవై నిమిషాలు ఆగుతుంది, ఆ ఇరవై నిమిషాల్లో అతను చదివాడు. "పాప లెక్క ఎట్లొచ్చిందో అని మనసు నిలవలేదు మేడమ్" అన్నాడు. ఆ సాయంత్రం తాహిర్ అంగడి ముందు టీ తాగుతూ, "పాపకు పన్నెండు తక్కువొచ్చిందన్నా, పాపం" అన్నాడట. ఒక పాయింటు చిల్లర తేడా సంగతి మాత్రం అతనికి గుర్తులేదు. ఈ కవరుకు గోందు వేసి, పైన స్టాప్లర్ కూడా కొట్టాను.

టీ నేను పెట్టుకోగలను. అద్దాలు మార్చాను, చదువుకోగలను.

నేను ఎవరి ఫుప్పునంటే నీ ఫుప్పునే. అందుకే నీకు నచ్చేట్టు కోయలేదు. మీ సార్ తెలివైనవాడైతే ఆ పట్టికలో నేను కోసిన చోటు చూసి అడిగేవాడు. అప్పుడు నువ్వు ఆయన బల్ల ముందు నిలబడి ఏం చెప్పేదానివి?

ఒక్క విషయంలో నీ కోపం సరైనది. ఒక్క మ్యాచ్ కూడా చూడకుండా రాశాను. సోమల బస్సును కూడా ఎక్కి చూడకుండానే ఆపించాను. పదమూడో తేదీ శనివారం సెలవు పెట్టాను. పుంగనూరు వస్తాను. చూసి మాట్లాడతాను.

స్వెట్టర్ పంపుతున్నాను. కోపంలో కూడా వేసుకోవచ్చు.

నీ (ఇప్పటికీ) ఫుప్పు


కుప్పం
9 డిసెంబర్ 2025

ఫుప్పూ,

సలామ్. 'గారు' వెనక్కి తీసుకున్నాను. ఫైలులోంచి తీసేయి. స్వెట్టర్ చేతులు పొడవు, మడిచి వేసుకుంటున్నాను. అంజినప్ప నిన్న గేటు దగ్గర నా ముఖం చూడలేదు. కమ్మర్‌కట్టు మిఠాయి పొట్లం ఒకటి చేతిలో పెట్టి, రైట్ రైట్ అని బస్సు కదిలించేశాడు.

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు పట్టిక పుస్తకంలోనే పెట్టుకున్నాను. మూడో రోజు రెడ్డెమ్మకు చూపించాను. ముందు తన పేరు ఎదురుగా ఉన్న పద్దెనిమిది చూసి, "ఇది తప్పు. యాడో కూడిక పోయింది" అంది. తనే మళ్లీ కూడింది. పద్దెనిమిదే వచ్చింది. అప్పుడు ఏమందో తెలుసా? "నేను ఆడితే రాసేదెవురు?"

నీకు చెప్పాలి, ఆమె ఏం చేస్తుందో ఈ వారం ప్రాక్టీసులో మొదటిసారి గమనించాను. బంతి వైపు చూడదు. ఎదుటి ఆటగత్తె ఎటు తిరగబోతోందో చూసి, ముందే అక్కడ నిలబడుతుంది. ఎట్లా తెలుస్తుందని అడిగితే, "మా రాగి చేను పక్కనే అడవి. ఏనుగులొచ్చినప్పుడు అది యాడికి పోవాలనుకుంటాదో ముందే కనుక్కోవాల. లేకపోతే మనమే దాని దారిలో ఉంటాము" అంది. పలమనేరు కాలేజీ జట్టులో సెంటర్ ప్లేయర్ ఆరడుగులు ఉంటుంది. రెడ్డెమ్మకు ఆమెను చూస్తే చిన్నపిల్లలా కనిపిస్తుందట.

నిన్న సార్‌కు పట్టిక ఇచ్చాను. మొత్తం. కోయలేదు. సార్ చదివి, "ఇదేమమ్మా, బస్సు లెక్కా?" అన్నాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. తర్వాత, "నీకు తక్కువొచ్చింది కూడా తెచ్చి ఇచ్చినావే" అన్నాడు. 

పుంగనూరులో మొదటి ఐదుగురిలో రెడ్డెమ్మ పేరు ఉంది. నాకెన్ని నిమిషాలో చెప్పలేదు. వాచీ మాత్రం నా చేతికిచ్చాడు.

నువ్వు శనివారం వస్తే చూసేది అదే, ఫుప్పూ. నేను వాచీ పట్టుకుని కూర్చోవడం. అబ్బా ఆదివారం వస్తానన్నాడు. సామాన్ల సంచి ఖాళీది తెస్తానన్నాడు.

ఫిజా


మదనపల్లె
13 డిసెంబర్ 2025, శనివారం సాయంత్రం

ఫిజా బేటీ,

ఈ కవరు రేపు పొద్దున మీ అబ్బా తెస్తాడు. గోందు, స్టాప్లర్, పైన టేపు. అందులో ఏముందో ఆయనకు తెలియదు. చదివిన వెంటనే సార్‌కు ఇవ్వు, ఫైనల్‌కు ముందే.

రెండు మ్యాచ్‌లూ చూశాను. నలభై నిమిషాల ఆట గంటా పావు పట్టింది. ఈల వేసినప్పుడల్లా గడియారం ఆపుతారు. ఇది బస్సయితే ఆలస్యానికి మెమో ఇచ్చేదాన్ని. రెండూ గెలిచారు. రెడ్డెమ్మ గురించి నా లెక్క తప్పు కాలేదు, కళ్లతో చూశాను. నువ్వు ఒకదానిలో మూడు నిమిషాలు, ఇంకోదానిలో నాలుగు. తర్వాత నీతో మాట్లాడినప్పుడు నువ్వు నవ్వడానికి ప్రయత్నించావు. నేను అరటిపళ్లు ఇచ్చి వచ్చేశాను.

తిరిగి వచ్చేటప్పుడు పుంగనూరు దాటి నాలుగు కిలోమీటర్లలో మా బస్సు టైరు పోయింది. డిపో నుంచి స్పేర్ బస్సు వచ్చేసరికి ముప్పావు గంట. యాభై మందిలో చాలామంది ఆటోలెక్కి పోయారు. స్పేర్ బస్సులో తొమ్మిది మందిమి ఎక్కాం. కండక్టర్ షీటులో 'తొమ్మిది' అని రాశాడు. ఆ రాత చూస్తూ కూర్చున్నాను.

స్పేర్ బస్సు రోడ్డు మీదికి వచ్చేదే అసలు బస్సు ఆగిపోయినప్పుడు. అప్పటికే జనం పోయి ఉంటారు. అందుకే స్పేర్ బస్సు షీటు చూసి ఆ బస్సు మంచిదా కాదా అని ఏ ఆఫీసులోనూ తేల్చరు. ఇది నాకు ఇరవై ఆరేళ్లుగా తెలుసు.

ఇవాళ ఏం చూశానో రాస్తాను. నువ్వు లేచిన ప్రతిసారీ సింధూజ వచ్చి కూర్చుంది. ఆమె లేచిన ప్రతిసారీ నువ్వు కూర్చున్నావు. ఇంటికి వచ్చి పాత కాగితాలు తీశాను. ఆమె నూట ఇరవై ఎనిమిది, నువ్వు ముప్పై రెండు. కలిపితే నూట అరవై. నాలుగు మ్యాచ్‌ల మొత్తం నిమిషాలు! రెండు అంకెలూ నేనే రాశాను, ఒకే పేజీలో, ఒకే ఉత్తరంలో. కలిపి చూడలేదు.

మీ సార్ నిన్ను సింధూజ అలసినప్పుడు మాత్రమే దింపుతున్నాడు. కాబట్టి ఆ పన్నెండు తక్కువ నీది కాదు, సింధూజ లేకపోవడానిది. రెడ్డెమ్మ ఆడిన ప్రతి నిమిషం సింధూజ పక్కనే ఆడింది. నువ్వు, రెడ్డెమ్మ ఒకరి చేతికి ఒకరు వాచీ ఇచ్చుకుంటారని నువ్వే రాశావు. అంటే మీరిద్దరూ కలిసి ఒక్కసారీ ఆడలేదు.

సింధూజ, రెడ్డెమ్మ, నువ్వు, ముగ్గురూ కలిసి కోర్టులో ఉన్న నిమిషాలు: సున్నా. ఆ సున్నా చూడకుండా నీ మీద తీర్పు రాశాను. ముగ్గురూ కలిస్తే ఏమవుతుందో నాకు తెలియదు. మీ సార్‌కూ తెలియదు. తెలుసుకోవాలంటే దింపి చూడాలి.

కింద సార్‌కు వేరే కాగితం పెట్టాను. 'నా పాత లెక్కలో లోపం' అని శీర్షిక.

మన్నించు అని రాయను. ఆఫీసులో కూడా సవరణ పంపుతాను కానీ సారీ చెప్పను. కానీ ఈ సవరణ రాసేటప్పుడు టీ చల్లారిపోయింది.

ఫుప్పు


కుప్పం
16 డిసెంబర్ 2025, మంగళవారం

ఫుప్పూ,

సలామ్, సలామ్, సలామ్!

అన్నీ వరసగా రాస్తాను, నీలాగా.

అబ్బా తొమ్మిదింటికే వచ్చాడు. ఖాళీ సంచి తెచ్చాడు. కవరు తెరవడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. టేపు ఎక్కువైంది. సార్‌కు ఇచ్చాను. సార్ చదివి, "మీ ఫుప్పు ముందొకటి రాసె, ఇప్పుడొకటి రాసె" అన్నాడు. నేను, "తప్పు చేసినామని రాసి పంపే ఆఫీసు మీకు ఇంకెక్కడైనా తెలుసా సార్" అన్నాను. అది ఎలా నోట్లోంచి వచ్చిందో నాకు తెలియదు. సార్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రెండో క్వార్టర్లో, సింధూజ అలసిపోకముందే, నా వైపు చూసి "పో" అన్నాడు. సింధూజ బయటికి రాబోతుంటే, "నువ్వు కాదు, నువ్వుండు" అన్నాడు. ముగ్గురం లోపల. బెంచీ మీద వాచీ ఎవరికివ్వాలో తెలియక రెండు సెకన్లు నిలబడిపోయాను. మా వెనక నిలబడి ఉన్న అబ్బా చేతిలో పెట్టేశాను.

సార్, "రాయండి సార్, ఎవురో ఒకరు రాయల్ల కదా" అన్నాడు. అబ్బా మా బెంచీ మీద కూర్చున్నాడు. బెంచీ అంటే మా కాలేజీ నుంచి తెచ్చుకున్న నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కాలు విరిగిన స్టూలు. అబ్బా కూర్చున్నది స్టూలు మీద. చెవి మీది పెన్సిల్ తీశాడు.

లోపల ఏం జరిగిందో చెబుతాను విను. రెడ్డెమ్మ వాళ్ల పొడుగు ప్లేయర్‌ను కదలనివ్వలేదు. బంతి బయటికి వచ్చింది. సింధూజ దగ్గరికి ఇద్దరు పోయారు. నేను ఒంటరిగా ఉన్నాను. సింధూజ నన్ను చూసింది. నెల రోజుల తర్వాత నాకు మొదటి పాస్ ఇచ్చింది. పడింది. మళ్లీ అట్లాగే. మళ్లీ పడింది. సింధూజ పక్కనుంచి పరుగెత్తుతూ, "మీ అత్తకు సెప్పు, ఇది నా పాస్ అని కూడా రాసుకోమను" అంది. రాసుకో ఫుప్పూ.

ముగ్గురం కలిసి ఉన్నది పద్నాలుగు నిమిషాలు. ఆ పద్నాలుగులో మా జట్టు ఎనిమిది పాయింట్లు ఎక్కువ. నేను మొత్తం పందొమ్మిది నిమిషాలు ఆడాను, తొమ్మిది పాయింట్లు. మ్యాచ్ యాభై మూడు, యాభై ఒకటితో ఓడిపోయాం. కప్పు వాళ్లు తీసుకుపోయారు. రెండు పాయింట్లకు రెడ్డెమ్మ ఏడ్చింది. పద్నాలుగు నిమిషాలు పెద్ద లెక్క కాదని నువ్వు రాస్తావని నాకు తెలుసు, నేనే ముందు రాస్తున్నాను.

నిన్న సార్ నోటీసుబోర్డు మీద కొత్తగా రెండు గీతలు గీశాడు. పాయింట్ల పక్కన నిమిషాలు, దాని పక్కన తేడా.

అబ్బా రాసిన కాగితం ఇందులో పెట్టాను. అందరి టైములూ సరిగ్గా రాశాడు. నా పేరు ఎదురుగా లోపలికి పోయిన టైము రెండుసార్లు ఉంది, బయటికి వచ్చిన టైము ఒక్కసారీ లేదు; నా బదులు లోపలికి పోయినవాళ్ల టైము చూసి పై లెక్క కట్టాను. ఎందుకు రాయలేదంటే, "మళ్లా పోతావులే అనుకున్యా" అన్నాడు.

కానీ టీసీ గురించి ఏమీ అనలేదు. సంచి ఖాళీగానే తీసుకుని బస్సెక్కాడు. పోతూ పోతూ ఆ విరిగిన స్టూలు తిప్పి కాలు చూసి, నాలుక చప్పరించాడు. అంతే. మొన్న ఫైనల్ అయ్యాక ఆదివారం ఇచ్చే గంట ఫోన్ కూడా దొరకలేదు. ఆయన మనసులో ఏముందో నువ్వే కనుక్కుని రాయాలి. డిసెంబర్ చివరిదాకా పరీక్షలు, జనవరి రెండున కొత్త సెమిస్టర్. నేను ఇక్కడ ఉంటానా?

నీ పందొమ్మిది నిమిషాల
ఫిజా


మదనపల్లె
29 డిసెంబర్ 2025

ఫిజా బేటీ,

జవాబు ఆలస్యమైంది. కారణం ఉంది. తాహిర్‌ను అడిగితే ఏమీ చెప్పలేదు. నిన్నటిదాకా పనిలో ఉన్నాడు. పని పూర్తయితే గానీ నాకు రాయడానికి ఏమీ లేదు.

సింధూజ పాసులు రాసుకున్నాను. పద్నాలుగు నిమిషాలు పెద్ద లెక్క కాదు. ఇంకా నాలుగు మ్యాచ్‌లు కావాలి.

నిన్న మధ్యాహ్నం తాహిర్ నన్ను అంగడికి పిలిచాడు. మధ్యలో ఒక బెంచీ ఉంది. వేప పలక, నున్నగా చిత్రిక పట్టి ఉంది. వెనక ఆనుకోవడానికి పట్టీ ఉంది. కింద నీళ్ల సీసాలు పెట్టుకోవడానికి అర ఉంది. "పిల్లోళ్లు ఇరిగిన స్టూలు మీద కూసుంటాండారు. సూసి ఊరికే యాల ఉండాల" అన్నాడు. ఊపి చూశాను. ఊగలేదు. ఈసారి నేల కూడా వంకరగా లేదు.

నా సంచిలో టేపు ఉంటుంది కదా. తీసి కొలిచాను. తొమ్మిది అడుగులు.

"ఎంతమందికి చేశావు?"

"మనిషికి అడుగున్నర. ఆరుగురికి."

"తాహిర్, జట్టులో పన్నెండు మంది. ఆడేది ఐదుగురు. మిగిలేది ఏడుగురు. పదిన్నర అడుగులు ఉండాలి."

"ఆరుగురే కదా ఆపా కూసునేది. ఫిజా ఆడతాంటాది కదా."

"ఫిజా ఆడితే ఇంకో పిల్ల వచ్చి కూర్చుంటుంది. ఎప్పుడు చూసినా ఏడుగురే."

చెవి మీది పెన్సిల్ తీశాడు. పలక మీద పన్నెండు గీతలు గీసి, ఐదు కొట్టేశాడు. మిగిలినవి లెక్కపెట్టాడు. ఇంకోసారి లెక్కపెట్టాడు. అంజినప్ప కూడా అక్కడే ఉన్నాడు. "ఏడే వస్తాండాయన్నా" అన్నాడు. తాహిర్ అరచేత్తో గీతలు తుడిచేశాడు.

"అది నీ కాగితం లెక్క ఆపా. నా బిడ్డకు నేను కూసునేదానికి చోటు చెయ్యను. పో."

రేపు పొద్దున ఆరున్నర బస్సు మీద కట్టి కుప్పం పంపుతున్నాము. కాలేజీకి ఫోన్ చేసి, గేటు దగ్గర నలుగురిని నిలబెట్టమని మీ సార్‌కు చెప్పాను. అంజినప్ప దింపుతాడు. బెంచీ కిందున్న అరలో ఈ కవరు ఉంటుంది, గోందు లేకుండా. చదివితే చదవనీ.

నా చేతుల మీదుగా తప్పు లెక్కలు ఇదివరకు పోయాయి, నీకు తెలుసు. తప్పని తెలిసీ ఒకదాన్ని సరిచేయకుండా పంపడం ఇదే మొదటిసారి.

ఫుప్పు